టీఎన్‌ఎఫ్ సూదా, ఐఎల్-6 సూదా, మాత్రా? కీళ్లవాతానికి ఖరీదైన మందు మొదలుపెట్టే ముందు

పోయిన వేసవిలో కవిటి వైపు నుంచి ఒక పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని మా షాపుకి వచ్చింది. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌కి కాస్త లోపల మాది మందుల షాపు. చీటీ మీద మూడు పేర్లున్నాయి: అడాలిముమాబ్ (టీఎన్‌ఎఫ్‌ను ఆపే సూది), టోసిలిజుమాబ్ (ఐఎల్-6ని ఆపే సూది), టోఫాసిటినిబ్ (మాత్ర). మూడింటి పక్కనా ప్రశ్నార్థకం గుర్తే. "వీటిలో ఒకటి మొదలెడదాం, ఇంట్లో మాట్లాడుకుని వారంలో చెప్పండి" అన్నారట విశాఖలో డాక్టరుగారు.

"ఏది పవర్‌ఫుల్ అన్నా?" అని కొడుకు అడిగాడు. "ఏది చవక బాబూ?" అని ఆవిడ అడిగింది.

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ వాటికంటే ముందు అడగాల్సినవి నాలుగున్నాయి. ఎప్పుడైనా క్షయ సోకిందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, పొగ తాగుతారా, ఇంట్లో ఫ్రిజ్ నిలకడగా నడుస్తుందా. మన జిల్లాలో ఈ నాలుగూ తేలితే మందు దాదాపు తేలిపోయినట్టే. నేను డాక్టర్ని కాదు. బీఫార్మసీ చదివి కౌంటర్ వెనక తల నెరిసినవాణ్ణి. ఇక్కడ రాసింది డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికే తప్ప, ఆయన మాట పక్కన పెట్టడానికి కాదు.

అసలు అంతవరకూ వచ్చారా?

రుమటాయిడ్ కీళ్లవాతానికి మొదటి మందు మెథోట్రెక్సేట్. చవకైనది, పాతది, బాగా పనిచేసేది. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుని, నోరంతా పుండ్లతో, తెల్లరక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరినవాళ్లను చూశాను. అందుకే స్ట్రిప్పు మీద మార్కర్‌తో 'మంగళవారం మాత్రమే' అని రాసి మరీ ఇస్తాను. డాక్టరుగారు ఏ రోజు చెబితే ఆ రోజు.

ఇది ఒక్కటే చాలనప్పుడు, సూదిమందుకి వెళ్లే ముందు ఇంకో మెట్టుంది. మెథోట్రెక్సేట్‌కి సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి మూడూ వాడటం. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 353 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఈ మూడు మాత్రలు, రెండో జట్టుకి మెథోట్రెక్సేట్‌తో పాటు ఎటనర్సెప్ట్ అనే టీఎన్‌ఎఫ్ సూది. 48 వారాల తర్వాత చూస్తే మూడు మాత్రల జట్టు వెనకబడలేదు. ఖర్చులో ఈ రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే: "డాక్టరుగారూ, ఆ మూడు కలిపి వాడి చూశామా? చూడకపోతే ఎందుకు?" సరైన కారణం ఉండొచ్చు. ఉంటే ఆయనే చెబుతారు.

మూడు మందులు, మూడు చోట్ల అడ్డం

సైటోకైన్ అన్న మాట డాక్టర్ల నోట వింటుంటాం. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు అది. పూర్వం ఊళ్లో దండోరా వేసేవాడిలా అనుకోండి. దొంగలు పడ్డారని చాటితే ఊరంతా కర్రలు పట్టుకుని బయటికొస్తుంది. కీళ్లవాతంలో దొంగలు లేకపోయినా దండోరా ఆగదు. వచ్చినవాళ్లు ఊరుకోరు కదా, మన కీళ్లనే కొడతారు.

అలా చాటేవాళ్లలో ముఖ్యుడు టీఎన్‌ఎఫ్. 1975లో దీన్ని కనిపెట్టినప్పుడు క్యాన్సర్ గడ్డలను చంపే పదార్థం అనుకున్నారు, పేరు కూడా అలాగే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పెట్టారు. కీళ్లవాతంలో ఇదే పెద్ద దోషి అని లండన్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ పట్టుకున్నారు. 1992లో అక్కడి చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో 20 మంది రోగులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఎక్కించి చూశారు. అదే తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయింది. ఆ తరవాతిది అడాలిముమాబ్. ఇవి దండోరా వేసేవాణ్ణే పట్టుకుని నోరు నొక్కుతాయి.

రెండోవాడు ఇంటర్‌ల్యూకిన్-6, అంటే ఐఎల్-6. జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయంలో తదమిత్సు కిషిమోతో, తోషియో హిరానోల బృందం 1986లో దీని జన్యువును వేరు చేసింది. టోసిలిజుమాబ్ ఇతన్ని పట్టుకోదు, వినేవాళ్ల చెవులు మూస్తుంది. అంటే కణాల మీదుండే ఐఎల్-6 గ్రాహకాన్ని కప్పేస్తుంది. ఈ పేరు మనకి 2021లో బాగా పరిచయం. కోవిడ్ రెండో దశలో 400 మిల్లీగ్రాముల వయల్ దాదాపు 40 వేలు, అదీ దొరికితే. ఆ రెండు నెలలూ రాత్రి పన్నెండుకి కూడా నాకు ఫోన్లు మోగేవి. ఆ సెప్టెంబరులో హైదరాబాద్ హెటిరో కంపెనీ తయారుచేసిన దానికి అత్యవసర అనుమతి వచ్చింది.

మూడోది టోఫాసిటినిబ్, నోటితో వేసుకునే మాత్ర. ఇది ఇంట్లోకే దూరి తీగ కత్తిరిస్తుంది. కణం లోపల కబురు మోసే జాక్ అనే ఎంజైములను ఆపుతుంది. ఆ తీగ మీద ఐఎల్-6 ఒక్కటే కాదు, వైరస్‌ల మీద పోరాడే ఇంటర్‌ఫెరాన్ల కబుర్లు కూడా నడుస్తాయి. అందుకే దీన్ని వాడేవాళ్లలో సర్పి ఎక్కువగా లేస్తుంది. ఒంటి మీద ఒకవైపు మంటతో పొక్కులు కనబడితే నాటువైద్యం చేయించకుండా అదే రోజు డాక్టరుకి చూపించాలి.

క్షయ సంగతి ముందు తేల్చుకోండి

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మంది మన దేశంలోనే ఉన్నారు. చాలామందిలో చిన్నప్పుడెప్పుడో సోకిన క్రిమి ఊపిరితిత్తుల్లో ఒక మూల బంధించబడి ఉంటుంది. దాని చుట్టూ కణాల గోడ ఉంటుంది, జబ్బు బయటపడదు. ఆ గోడను నిలబెట్టే తాపీమేస్త్రీ ఈ టీఎన్‌ఎఫ్‌యే. కీళ్ల కోసం దాన్ని ఆపితే అక్కడ గోడ కూలుతుంది.

ఇది ఊహ కాదు. 2001లో అమెరికా ఔషధ సంస్థకి అందిన లెక్కలు తీస్తే, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో 70 మందికి క్షయ వచ్చినట్టు తేలింది. వాళ్లలో సగానికి పైగా మందికి అది ఊపిరితిత్తుల బయట వచ్చింది. దగ్గు లేదు కాబట్టి క్షయ కాదులే అనుకోవడానికి వీల్లేదు. సన్నజ్వరం, బరువు తగ్గడం, మెడ దగ్గర గడ్డ, ఏది కనిపించినా చెప్పాలి.

టీఎన్‌ఎఫ్ మందులన్నీ ఈ విషయంలో ఒకటి కాదు. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లతో పోలిస్తే ఎటనర్సెప్ట్‌కి క్షయ ముప్పు తక్కువని బ్రిటన్ రోగుల రికార్డులు చూపించాయి. మన దగ్గర దాన్ని ఇంకా ఎక్కువగా ఎందుకు రాయరా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. వారం వారం పొడవాలి, బహుశా అదొక కారణం. టోసిలిజుమాబ్‌కి, టోఫాసిటినిబ్‌కి కూడా క్షయ పరీక్ష తప్పదు. "మాత్రే కదా, దానికి పరీక్షలెందుకు" అనేవాళ్లు ఉంటారు. తప్పు.

పరీక్షలు ఇవి: ఛాతీ ఎక్స్‌రే, చేతికి వేసే మాంటూ గానీ రక్తంతో చేసే ఇగ్రా గానీ. వాటితోపాటే హెపటైటిస్ బి. నిద్రాణమైన క్షయ ఉందని తేలితే భయపడక్కర్లేదు. ఐసోనియజిడ్ ఆరు నెలలో తొమ్మిది నెలలో, లేదా ఐసోనియజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి చొప్పున 12 వారాలో వాడతారు. అది మొదలుపెట్టిన నెల తర్వాత కీళ్ల మందు మొదలుపెట్టొచ్చు. ఒక్క మెలిక ఉంది. రిఫాంపిసిన్ జాతి మందులు (రిఫాపెంటిన్ కూడా ఆ జాతే) టోఫాసిటినిబ్‌ను ఒంట్లో నిలవనివ్వవు. రెండూ ఒకే చీటీలో కనిపిస్తే నేనైతే ఫోన్ చేసి అడక్కుండా ఇవ్వను.

ఉద్దానం వాళ్లకి లెక్క వేరు

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. ఉద్దానం వైపున్న ఈ ఊళ్ల పేరు చీటీ మీద చూడగానే నా కళ్లు కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కోసం వెతుకుతాయి. షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడయ్యే ప్రాంతం, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచాక రక్తపరీక్షకి దూరం వెళ్లే బాధ కొంత తగ్గింది.

కీళ్ల నొప్పులున్నవాళ్లు ఆ ఊళ్లలో ఏం చేస్తారు? ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది, దాంతోపాటు స్టెరాయిడ్. ఆ పూట హాయిగా ఉంటుంది, కొబ్బరితోటకి వెళ్లిపోతారు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడితే బాగున్న కిడ్నీకే చేటు, ఇక దెబ్బతిన్నదాని సంగతి చెప్పాలా! మెథోట్రెక్సేట్ కూడా కిడ్నీ దారినే బయటికి పోవాలి. కిడ్నీ పనితీరు (రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని ఉండే అంకె) 30 కంటే పడిపోతే దాన్ని వాడకూడదు. 30కీ 60కీ మధ్య ఉంటే మోతాదు తగ్గించి, కళ్లు తెరుచుకుని వాడాలి.

ఇక్కడే పోలిక ఆసక్తిగా మారుతుంది. అడాలిముమాబ్, టోసిలిజుమాబ్ పెద్ద ప్రొటీన్లు. కిడ్నీ జల్లెడలోంచి జారిపోయేవి కావు, అందుకని కిడ్నీని బట్టి వీటి మోతాదు మార్చక్కర్లేదు. టోఫాసిటినిబ్ అలా కాదు. రోజుకి రెండుసార్లు 5 మిల్లీగ్రాములు మామూలు మోతాదైతే, కిడ్నీ మధ్యస్తంగా దెబ్బతిన్నా ఒక్కసారికి తగ్గించాలి.

సరే, రెండు సూదుల్లో ఏది? మెథోట్రెక్సేట్ తోడు లేకపోతే అడాలిముమాబ్ కొంత బలం కోల్పోతుంది. ఒళ్లు దానిమీదే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. మెథోట్రెక్సేట్ పడనివాళ్ల మీద ఈ రెండింటినీ నేరుగా పోటీపెట్టిన అధ్యయనం 2013లో వచ్చింది. 326 మంది, 24 వారాలు, సూది ఒక్కటే. జబ్బు తీవ్రత స్కోరు టోసిలిజుమాబ్‌తో సగటున 3.3 తగ్గితే, అడాలిముమాబ్‌తో 1.8 తగ్గింది. ఇది చిన్న తేడా కాదు. పైగా ఐఎల్-6 ఎక్కువైతే ఒంట్లో ఇనుము ఉన్నా రక్తానికి అందదు. దాన్ని ఆపితే కీళ్లవాతం వల్ల తగ్గిన హిమోగ్లోబిన్ కూడా కాస్త పైకి వస్తుంది.

అందుకే నా మాట: కిడ్నీ బాగుండి మెథోట్రెక్సేట్ పడేవాళ్లకి టీఎన్‌ఎఫ్ సూది మొదటి ఎంపికగా సబబే. వాడకం ఎక్కువ, అనుభవం ఎక్కువ, మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు, అంటే అసలు సూదికి దీటుగా వేరే కంపెనీలు చేసేవి కూడా ఎక్కువ. జైడస్ కంపెనీ అడాలిముమాబ్ 2014లోనే వచ్చింది. మెథోట్రెక్సేట్ మానేయాల్సి వచ్చినవాళ్లు మాత్రం ఐఎల్-6 సంగతి గట్టిగా అడగాలి.

ఐఎల్-6 సూదికీ ఒక దొంగబుద్ధి ఉంది. ఒంట్లో వాపు ఎంతుందో రక్తపరీక్షలో చూపించే సీఆర్‌పీని లివర్ తయారుచేసేదే ఐఎల్-6 ఆజ్ఞతో. టోసిలిజుమాబ్ పడ్డాక సీఆర్‌పీ అడుగంటుతుంది. కీళ్లు నిజంగా తగ్గాయో, పొగగొట్టం మూసుకుపోయి పొగ కనబడడం లేదో ఆ కాగితం చెప్పదు. న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ నార్మల్, జ్వరం అంతంత మాత్రం. ఇంకో ఊళ్లో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే "నేను ఈ సూది వాడుతున్నాను" అని మొదట చెప్పాలి. కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు మధ్యమధ్యలో తప్పవు. పేగులో తిత్తులకి వాపు వచ్చిన చరిత్ర ఉంటే పేగుకి రంధ్రం పడే ముప్పుంది, డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పాలి.

మాత్ర చవకే, కానీ

జెనరిక్స్ వచ్చాక టోఫాసిటినిబ్ ధర బాగా దిగింది. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది భయం లేదు. ఇచ్ఛాపురంలో ఉండే మనిషికి ఇది వరంలా కనిపించడంలో వింతేమీ లేదు.

అయితే 2022 జనవరిలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు అచ్చయ్యాయి. 50 ఏళ్లు దాటి, గుండెజబ్బుకి కనీసం ఒక ముప్పు కారణం ఉన్న 4,362 మందిని సగటున నాలుగేళ్లు గమనించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి టోఫాసిటినిబ్ వాడినవాళ్లలో 3.4 శాతం, టీఎన్‌ఎఫ్ సూదులు వాడినవాళ్లలో 2.5 శాతం. క్యాన్సర్లు 4.2 శాతం, 2.9 శాతం. దీని తొలి ఫలితాలు చూసే 2021 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ మందు వివరాల కాగితంలో గట్టి హెచ్చరిక వేయించింది.

పొగ తాగడం ఆ ముప్పు కారణాల్లో ఒకటి. ఆడవాళ్లని ఈ ప్రశ్న డాక్టర్లు అడగరు. మన తీరంలో అడగాలి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. అడిగితే నవ్వుతారు, కొంగు అడ్డం పెట్టుకుంటారు. కానీ ఆ నవ్వు చీటీ మార్చేంత విషయం. పొగతో కీళ్లవాతం రావడమూ ఎక్కువే, ముదరడమూ ఎక్కువే. 65 దాటిన వాళ్లకీ, పొగ అలవాటు ఉన్నవాళ్లకీ, గుండెకి స్టెంట్ పడినవాళ్లకీ చవక అని చెప్పి ఈ మాత్ర వైపు మొగ్గడం నాకు నచ్చదు. చిన్నవయసు, పొగ లేదు, గుండె గట్టిది, సూది అంటే వణుకు. అలాంటివాళ్లకి మాత్రం బాగానే ఉంటుంది.

పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలకి టోఫాసిటినిబ్ గానీ మెథోట్రెక్సేట్ గానీ వద్దు. సెర్టోలిజుమాబ్ అనే టీఎన్‌ఎఫ్ సూది మాయ దాటి బిడ్డకి దాదాపు చేరదు. అడాలిముమాబ్ చివరి నెలల్లో వాడితే మాత్రం బిడ్డ పుట్టగానే వేసే బీసీజీ టీకాని ఆరు నెలలు ఆపాలి. ప్రసవం చేసే ఆసుపత్రికి ఇది చెప్పే పని కుటుంబానిదే.

ఫ్రిజ్, ఐస్ బాక్స్, లెక్కలు

సూదిమందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఒకాయన భద్రమని ఫ్రీజర్‌లో, చేపల పక్కన పెట్టి గడ్డ కట్టించేశాడు. రెండు పెన్నులూ పారేయాల్సి వచ్చింది. కొన్ని అడాలిముమాబ్ పెన్నులు 25 డిగ్రీల లోపు 14 రోజులు ఆగుతాయని లోపలి కాగితంలో ఉంటుంది. మే నెలలో మన ఇళ్లలో 25 డిగ్రీలు ఏ మూల దొరుకుతాయో నాకు తెలియదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న మందు ఏమైందని ఎవరూ అడగలేదు, కొబ్బరిచెట్లు పోయిన బాధే పెద్దది. అప్పట్నుంచి ఆ వైపు వాళ్లకి తుపాను నెలల్లో ఒక్కో డోసే తీసుకెళ్లమంటాను.

అడాలిముమాబ్ రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు, ఇంట్లోనే పొడుచుకోవచ్చు. టోసిలిజుమాబ్ నెలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు, కిలోకి 8 మిల్లీగ్రాముల చొప్పున. 50 కిలోల మనిషికి సరిగ్గా 400, ఒక వయల్. 60 కిలోలైతే 480, అంటే ఇంకో 80 మిల్లీగ్రాముల వయల్ తోడు కావాలి. బరువు చూడకుండా ఖర్చు పోల్చకండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ కూడా బరువు లెక్కే. 50 కిలోలకి 150 కావాలి, వయల్ 100ది, రెండో వయల్‌లో సగం వృథా. మెథోట్రెక్సేట్ తోడు లేనిదే అది వాడరు, కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, ఏది రాదో మీ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి, మొదటి సూది పడ్డాక కాదు.

ఐఎల్-6 కథ ఇంకా నడుస్తోంది. గ్రాహకాన్ని కాకుండా ఐఎల్-6నే పట్టుకునే సిరుకుమాబ్ అనే మందు కీళ్లకి పనిచేసినా, వాడినవాళ్లలో మరణాల లెక్క అనుమానంగా ఉందని 2017లో అమెరికాలో అనుమతి రాలేదు. అదే పద్ధతిలో పనిచేసే జిల్టివెకిమాబ్‌ని కిడ్నీ జబ్బు, గుండెజబ్బు రెండూ ఉన్నవాళ్ల మీద పరీక్షించే అధ్యయనం 2021లో మొదలైంది. ఉద్దానం వాళ్లకి దీంతో ఏమన్నా ఒరుగుతుందని ఇప్పుడే చెబితే అబద్ధం అవుతుంది.

కవిటి ఆవిడ సంగతి చెప్పలేదు కదా. కిడ్నీ పనితీరు 38, మెథోట్రెక్సేట్ అంతకుముందే ఆపేశారు. బరువు 49 కిలోలు. ఇగ్రా పాజిటివ్, ఎక్స్‌రే శుభ్రం. అడ్డపొగ నలభై ఏళ్లుగా. డాక్టరుగారు ముందు 12 వారాల క్షయ మందు మొదలుపెట్టి, నెల గడిచాక టోసిలిజుమాబ్ రాశారు. ఇప్పుడు నెలకోసారి కొడుకు ఐస్ బాక్స్ పట్టుకుని వస్తాడు, వయల్ తీసుకుని ఇక్కడే ఆసుపత్రిలో ఎక్కించుకుని వెళ్తారు. మూడో నెల నుంచి జడ తానే వేసుకుంటోందట. మొన్న దగ్గరికి వస్తే చుట్ట వాసన వేసింది. నేను మొహం చూశాను. కొడుకు బిల్లు కడుతుంటే వాడికి వినబడకుండా, "ఒకటే బాబూ, పొద్దున్న ఒకటే" అంది.